మన సంఘాల చరిత్ర – 6: చందా ఎవరు కట్టారు, మాట ఎవరిది?



పోయిన భాగం చదివి ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, సభ్యత్వం పైసలు కట్టనోళ్లకు మీటింగుల మాట ఉండాల్నా?" నేను చూసినంతలో మన వాడల సంఘాలు ఎక్కువగా చీలింది ఈ ప్రశ్న దగ్గరే. అందుకే కాస్త వెనక్కి పోదాం.

1906లో హైదరాబాద్‌లో భాగ్యరెడ్డి వర్మ జగన్మిత్ర మండలి పెట్టారు. 1911లో మాన్య సంఘం పెట్టారు. బళ్లు నడిపారు. అంత పని చేసిన మనిషి 1930లో జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభకు పోతే, ఆయన మాట్లాడటానికే అభ్యంతరం చెప్పినవాళ్లున్నారు. ఇక రశీదు ఉంటే ఎంత, లేకుంటే ఎంత! 1940ల్లో కమ్యూనిస్టులు అదే మహాసభ సభ్యత్వ రుసుం తగ్గించారు. కూలీలు, మన వాడలవాళ్లు గుంపులుగా వచ్చి సంఘంలో చేరారు. అది చిన్న సంగతి కాదు. కానీ నిర్ణయాలు చేసే పెద్ద కుర్చీల్లో ఎక్కువగా కూర్చున్నది రెడ్లు, బ్రాహ్మలే.

అంబేద్కర్ దీన్ని ముందే పట్టుకున్నారు. 1924లో బొంబాయిలో బహిష్కృత హితకారిణీ సభ పెట్టినప్పుడు అధ్యక్షుడు సర్ చిమన్‌లాల్ సెతల్వాడ్. పలుకుబడి కావాలి కదా, ఆ స్థానం పెద్దలకిచ్చారు. పని నడిపే కార్యవర్గానికి మాత్రం తానే ఛైర్మన్. కార్యదర్శి శివతర్కర్, కోశాధికారి జాదవ్, ఇద్దరూ అంటరాని కులాలవాళ్లే. పద్దు పుస్తకం ఎవరి చేతిలో ఉందో చూడండి, సంఘం ఎవరిదో తెలుస్తుంది.

ఇక మా ఏటూరునాగారం. ఇక్కడ ఐటీడీఏ ఉంది. అది ఆదివాసులది, వాళ్లదిగానే ఉండాలి. మాల, మాదిగ వాడల పనికి మా చందానే దిక్కు. సంవత్సర చందా మిర్చి ఏరే రోజుల్లో వసూలు చేస్తాం, అప్పుడే కూలి డబ్బులు చేతిలో ఆడతాయి. మీటింగు రాత్రి అన్నాలు తిన్నాకే. పగలు పెడితే ఉద్యోగస్తులు తప్ప ఎవరూ రారు, వాళ్లు చేసిన తీర్మానమే అందరి తీర్మానం అయిపోతుంది. డబ్బు ఒకరి దగ్గర, పుస్తకం ఇంకొకరి దగ్గర. జమాఖర్చు పైకి చదువుతాం, ఎందుకంటే చదువు రానివాళ్లకు కాగితం చూపిస్తే లెక్క చూపినట్టు కాదు. టీచర్ ఐదు వందలిచ్చినా, కూలి తల్లి పది రూపాయలిచ్చినా చెయ్యి ఒక్కటే లేస్తుంది. కట్టలేనివాళ్లు ఏప్రిల్ 14న పందిరి వేస్తారు, నీళ్లు మోస్తారు. వాళ్ల పేరూ పుస్తకంలో ఉంటుంది.

ఒక ఎన్నికల ముందు ఒకాయన వచ్చి, వాడ మొత్తం సభ్యత్వం తానే కడతానన్నాడు. రెండు రాత్రులు వాదులాడుకున్నాం. పిల్లలు కొందరు తీసుకుందామన్నారు, విగ్రహానికి దిమ్మె కట్టాల్సి ఉంది మరి. చివరికి ఒక పెద్దమ్మ లేచింది: "మన పది రూపాయలు ఆయన కడితే, రేపు మన చెయ్యి కూడా ఆయనే లేపుతడు." డబ్బు తిప్పి పంపాం. దిమ్మె ఆ ఏడు కట్టలేదు.

కాన్షీరామ్ 1978 డిసెంబర్ 6న మొదలుపెట్టిన బామ్‌సెఫ్ ఇంకో తీరు. ఉద్యోగుల జీతంలోంచి సమాజానికి తిరిగి ఇవ్వడం మీద నడిచింది. జీతం లేని వాడకు ఆ పద్ధతి ఎంతవరకు పనికొస్తుందో వచ్చే భాగంలో రాస్తాను. మీ ఊరి సంఘం పుస్తకం ఎవరి దగ్గర ఉందో కామెంట్‌లో చెప్పండి.