రంపం చేతికిచ్చే మ్యూజియం

కెనడాలో ఆల్గోన్‌క్విన్ పార్కు తూర్పు ద్వారం దగ్గర కలప చరిత్రకు ఒక మ్యూజియం ఉంది. గాజు పెట్టెల్లో కాదు, 1.3 కిలోమీటర్ల అడవి బాట వెంట. వేసవిలో అక్కడ 'లాగర్స్ డే' జరుపుతారు. ఇద్దరు చెరోవైపు పట్టి లాగే రంపంతో దుంగలు కోస్తారు. గుండ్రటి తెల్ల పైను మానును వెడల్పు గొడ్డలితో నాలుగు పలకలుగా చెక్కి చూపిస్తారు. ఓడలో సందు లేకుండా పేర్చడానికే ఆ పలకలు. చెక్కేసిందంతా అడవిలోనే వృథా. ఆ కలపను ఒట్టావా నదిలో తేల్చి క్యూబెక్‌కు, అక్కడి నుంచి బ్రిటన్‌కు పంపేవారు. కూలీలు చలికాలమంతా గడిపిన దుంగల గుడిసెను మళ్ళీ కట్టి ఉంచారు: నడుమ పొయ్యి, పైన పొగ పోయే కంత. అరచేతులు మండితేనే కదా పిల్లలకు కూలీ బతుకు తెలిసేది!

మరి ఆ అడవి ఎవరిది? పార్కు 1893లో వచ్చింది, పేరు మాత్రం అక్కడి ఆదివాసులది. తమ నేలను ఏ ఒప్పందంతోనూ వదులుకోలేదని ఆల్గోన్‌క్విన్లు 1772 నుంచి అర్జీలు పెడుతూనే ఉన్నారు. 2016లో ప్రాథమిక ఒప్పందం దాకా వచ్చింది. 1882 మద్రాసు అటవీ చట్టం మన మన్యంలో పోడును, మేతను ఎలా కట్టేసిందో మన పెద్దలకు తెలుసు. మన దగ్గర అలాంటి రోజు పెడితే రంపం పక్కన అర్జీ కాగితం కూడా ఉంచుదాం.