పది మైళ్ల అవతల

నీకు పద్నాలుగేళ్లు. 1877 ఫిబ్రవరి. ఇంకా తెల్లారలేదు. తమ్ముణ్ణి లేపుతున్నావు. వాడు లేచి కూర్చోవడానికి ఎంతసేపు పడుతోందో రోజూ గమనిస్తున్నావు. నిన్నటికంటే ఇవాళ ఎక్కువ పట్టింది.

అవ్వ గోడకు చేరగిలబడి ఉంది. "నేనొస్తే నా కోసం మీరు ఆగాల్సొస్తుంది. పొద్దెక్కక ముందే పోండి పాపా. నడవలేనోళ్లకు ఊళ్లోనే ఏదో పోస్తారంట, కరణం చెప్పినాడు," అంటోంది. అమ్మ సంక్రాంతి ముందే పోయింది. ఎద్దుల్లో ఒకటి చచ్చిపోతే, మిగిలినదాన్ని అమ్ముకొస్తానని నాయన మైసూరు సీమకు తోలుకుపోయాడు. అక్కడా ఇదే కరువు. నాయన తిరిగి రాలేదు.

ఇది ధాత సంవత్సరం. రత్నగిరి కొండ కనబడే మీ ఊళ్లో ముంగారు కురవలేదు, ఇంగారూ కురవలేదు. రాగులు దాచే పాతర మూత తీసి నువ్వే లోపలికి దిగావు. అడుగున మట్టిలో కలిసిన గింజల్ని చేటలో చెరిగి తెచ్చావు. ఆ గింజలు అయిపోయి చాలా రోజులైంది. చింతగింజలు వేయించి, పొట్టు తీసి, ఉడకబెట్టి తిన్నారు. చీమల పుట్టలు తవ్వి, అవి దాచుకున్న గింజల్ని ఏరుకున్నారు. ఈ చేలను వేరుశనగ ఏలే కాలం ఇంకా రాలేదు. రాగి, కొర్ర, జొన్న పండితే తిండి, లేకుంటే లేదు.

సర్కారు పని ఉంది. కంకర కొట్టాలి, రోడ్డుకు మట్టి మోయాలి. అయితే ఒంట్లో సత్తువ ఉన్నవాళ్లకు, ఎదిగిన పిల్లలకు ఇంటికి పది మైళ్ల లోపల పని ఇవ్వకూడదు. నిజంగా ఆకలైనవాడే అంత దూరం వస్తాడని వాళ్ల లెక్క. ఆ లెక్క వేసినవాడు సర్ రిచర్డ్ టెంపుల్. మూడేళ్ల కిందట బీహార్ కరువులో బర్మా నుంచి బియ్యం తెప్పించి జనాన్ని బతికించింది కూడా ఇతనే. అందుకు మెచ్చుకోవలసింది పోయి, డబ్బు వృథా చేశావని పైవాళ్లు తిట్టారు. ఈసారి వైస్రాయ్ లిట్టన్ అతన్ని మద్రాసు రాజధానికి పంపింది ఖర్చు తగ్గించడానికే. విక్టోరియా రాణి భారత చక్రవర్తిని అయిందని చాటేందుకు లిట్టన్ ఢిల్లీలో దర్బారు చేసి రెండు నెలలు కూడా కాలేదు. నీకు ఈ పేర్లేవీ తెలియవు. పది మైళ్లు అన్న మాట ఒక్కటే తెలుసు. ఆ మాట రాసినవాళ్లు, ఇలా లేవలేని తమ్ముడి చెయ్యి పట్టుకుని ఆ పది మైళ్లు ఒక్కసారైనా నడిచి చూడవలసింది.

బయల్దేరారు. పొద్దు నెత్తికెక్కేసరికి దారి పక్కన గొడ్ల ఎముకలు తెల్లగా మెరుస్తున్నాయి. బళ్లు కనబడవు. గుత్తి దాకా రైలు వచ్చి కొన్నేళ్లయింది, రైల్లో గింజలూ వస్తున్నాయి. స్టేషన్ నుంచి ఇంత దూరం లాగడానికి ఎడ్లు బతికి ఉండాలి కదా. మేత లేక అవే ముందు పోయాయి.

నాగజెముడు పొద దగ్గర ఆగావు. పండును కట్టెతో రాల్చి, ఇసకలో దొర్లించి, సన్నముళ్లు పోయేదాకా పైటకొంగుతో రుద్దావు. తమ్ముడికి రెండే ఇచ్చావు. ఎక్కువ తింటే గింజలు కడుపులో గట్టిపడి ప్రాణం తీస్తాయి. పక్కింటి పిల్లోడికి ఏమైందో చూశావు. తమ్ముడు ఇంకోటి కావాలని ఏడుస్తున్నాడు. నువ్వు మిగతావి దూరంగా విసిరేశావు. ఆకలితో ఉండి, చేతిలో ఉన్న పండ్లను పారేయడానికి ఎంత గుండె కావాలో ఆలోచించండి.

మడకశిర కొండ మీది పాళెగాళ్ల కోట కనబడింది. దాని కింది నుంచి దాటిపోయేసరికి పొద్దు గూకింది. దారి ఇప్పుడు రెండు గుట్టల మధ్య సాగుతోంది. ముందు వాసన వచ్చింది, తడి బొచ్చు వాసన. తరవాత చప్పుడు, ఎవరో గునపంతో గట్టినేల తవ్వుతున్నట్టు.

ఎలుగుబంటి.

ముప్పై అడుగుల దూరంలో చెదపుట్టను పగలగొడుతోంది. మూతి లోపల పెట్టి బుస్సుమని మట్టి ఊది, చెదల్ని జుర్రుకుంటోంది. దానికీ కరువే. పరిగెత్తితే అందుకుంటుంది. అందుకుంటే ముఖాన్నే చీరుతుంది. గుట్టల్లో మేకలు కాసే నాయన చెప్పిన మాట గుర్తుంది: "అది నిన్ను చూడకముందు నువ్వు దాన్ని చూస్తే, రాయైపో."

తమ్ముడి గొంతులో దగ్గు లేస్తోంది. వాడి వీపు అదరడం నీ చేతికి తెలుస్తోంది. వాణ్ణి ఒళ్లోకి లాక్కుని ముఖాన్ని పొట్టకు అదిమి పెట్టుకున్నావు. వాడు గింజుకున్నాడు. వదిలితే దగ్గుతాడు, వదలకపోతే ఊపిరాడదు. తవ్వుడు ఆగింది. ఎలుగు తలెత్తి గాలి పీల్చింది. గాలి దాని వైపు నుంచి మీ వైపు వీస్తోంది. మళ్లీ మూతి పుట్టలో పెట్టింది. వాడి ముక్కు దగ్గర వేలి సందు ఇచ్చావు. పుట్ట ఖాళీ అయ్యాక అది గుట్టెక్కి రాళ్ల మధ్య కలిసిపోయింది. వాడు అప్పుడు దగ్గాడు. ఆపకుండా దగ్గాడు.

పని జాగాలో మేస్త్రీ నిన్ను పైకీ కిందికీ చూశాడు. "యా ఊరు? ఎంత దూరం నుంచి వచ్చినావు?" చెప్పావు. పేరు రాసుకున్నాడు. మగవాడికి రోజుకు ఒక పౌను, అంటే 450 గ్రాముల ధాన్యానికి సరిపడా కూలి, పైన అరణా. పిల్లలకు అంతకంటే తక్కువ. ఉప్పు, మిరపకాయ, కట్టెలు అన్నీ అందులోంచే. పగలంతా కంకర కొట్టే ఒంటికి అది చాలదని మద్రాసులో శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ పోట్లాడుతున్నాడు. జైల్లో ఖైదీకి ఇంతకంటే ఎక్కువ పెడుతున్నామని లెక్కలు చూపిస్తున్నాడు. నా దృష్టిలో ఈ కథలో దొరల పక్షాన ఉన్న ఒకే ఒక్క వెలుగు ఆయన. మే నెలలో మద్రాసు ప్రభుత్వం కూలి పెంచింది. అప్పటిదాకా నీ కూలిలోంచే తమ్ముడికీ పెట్టావు.

అంతలో కలరా వచ్చింది. రాత్రి వాంతులతో మొదలై మర్నాడు పొద్దుకు మనిషి లేకుండా పోతున్నాడు. అందరూ తాగే గుంటలోనే గుడ్డలు పిండుతున్నారు. ఆ నీళ్లు నీకు సయించలేదు. ఎండిన వంకలోకి పోయి మోచేతి లోతు చెలమ తవ్వి, నీరు ఊరేదాకా కూర్చున్నావు. కూలి పొద్దు అయిపోయాక, కాళ్లు లాగేస్తున్నా, రోజూ అంతే. నీ పక్కన రాళ్లు కొట్టిన ఆమె నవ్వింది. తరవాత ఆమే లేదు.

సెప్టెంబరులో వాన పడింది. ఎంత పడిందంటే, తిరుగుదారిలో వంకలు దాటడానికి తమ్ముణ్ణి భుజాన ఎత్తుకోవాల్సి వచ్చింది. ఊళ్లో అవ్వ లేదు. గుడిసె కప్పు కూలింది. వానతో పాటు జ్వరాలు వచ్చాయి. కరువు వదిలేసిన చాలామందిని అవి తీసుకుపోయాయి. లండన్ మేయర్ మొదలుపెట్టిన చందాల నిధి నుంచి రైతులకు విత్తనాలకు, ఎడ్లకు డబ్బు ఇస్తున్నారని తెలిసి కచేరీకి పోయావు. నాయన పేరు చెప్పావు. ఆడపిల్లవు, పెద్దవాళ్లు రావాలన్నారు. "పెద్దదాన్ని నేనే," అని అక్కడే కూర్చున్నావు. చీకటి పడ్డా లేవలేదు.

ఇలాంటి అమ్మాయి పేరు ఏ రిపోర్టులోనూ దొరకదు. ఆమెను నేను ఊహించుకున్నాను. ఆమె నడిచిన దూరం, ఆమెకిచ్చిన కూలి, ఆ వాన, ఆ జ్వరాలు ఊహ కాదు. 1871లో 16 లక్షలకు పైగా మనుషులున్న బళ్లారి జిల్లాలో 1881కి 13 లక్షల చిల్లర మిగిలారు. మడకశిర అప్పుడు ఆ జిల్లాలోనే ఉండేది. మరుసటేడు, 1882లో, అనంతపురం వేరే జిల్లా అయింది.

1881 ఫిబ్రవరి 17 రాత్రి. జనాభా లెక్కల మనిషి లాంతరు పట్టుకుని నీ గడప ముందు నిలబడ్డాడు. నీకు పద్దెనిమిదేళ్లు. తమ్ముడు లోపల కొర్రన్నం తింటున్నాడు.

"ఇంట్లో ఎంతమంది?"

"అమ్మ, నాయన, అవ్వ, నేను, తమ్ముడు."

"ఇప్పుడు ఉండేవాళ్లను చెప్పు పాపా."

"పోయినోళ్లను యాడ రాసుకుంటారప్పా?" అని నువ్వు అడుగుతున్నావు. ఆయన కలం ఆగింది. నువ్వు మళ్లీ మొదటి నుంచి, ఒక్కొక్క పేరే చెబుతున్నావు.