తెల్లబిళ్ల పుట్టిల్లు ఈసీఐఎల్

2022 డిసెంబరు 7న హైదరాబాద్ ఆకాశంలో కదలనట్టు నిలిచిన తెల్లబిళ్లను చాలామంది చూశారు. అదే రోజు, చేవెళ్ల దాటి పడమరకు పోతే వచ్చే వికారాబాద్ జిల్లా మర్పల్లి మండలం మొగిలిగుండ్ల పొలాల్లో ఒక పెద్ద క్యాప్సూల్ దిగింది. జనం తండోపతండాలుగా వెళ్లారు, గ్రహాంతరవాసుల మాట సరేసరి. తీరా చూస్తే అది స్పెయిన్‌కు చెందిన హాలో స్పేస్ వారి నమూనా, తెల్లబిళ్ల దాన్ని మోసిన బెలూన్. పర్యాటకులను బెలూన్‌లో ఆకాశపుటంచుకు తీసుకెళ్లాలన్నది వాళ్ల ఆలోచన. ఎగరేసింది మాత్రం హైదరాబాద్‌లోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ (టీఐఎఫ్ఆర్) బెలూన్ కేంద్రమే. మొయినాబాద్, చేవెళ్ల మీదుగా ఇలాంటివి కనబడటం కాకతాళీయం కాదన్నది నా వాదన. దాని వెనక అర్ధశతాబ్దపు చరిత్ర ఉంది, భూగోళమూ ఉంది.

విశ్వకిరణాల పరిశోధన కోసం హోమీ భాభా మొదలుపెట్టించిన బెలూన్ ప్రయోగాలకు 1960ల చివర్లో హైదరాబాద్‌లోని ఈసీఐఎల్ దగ్గర స్థిరమైన చోటు దొరికింది. భూ అయస్కాంత మధ్యరేఖకు దగ్గరగా ఉన్నందున ఇక్కడ తక్కువ శక్తి గల విద్యుదావేశ కణాలు లోపలికి రాలేవు. ఆ రొద తగ్గితే ఎక్స్-కిరణాల వంటి బలహీన సంకేతాలు తేలిగ్గా చిక్కుతాయి. పల్చటి పాలిథిన్‌తో చేసి, హైడ్రోజన్ నింపే ఈ బెలూన్లు 50 నుంచి 85 మీటర్ల వ్యాసానికి ఉబ్బి, 30 నుంచి 42 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్తాయి. ఆపై గాలి ఎటు తీసుకెళితే అటే. పరికరాలు పారాచూట్లతో దిగేది ఎక్కువగా విశాఖపట్నం-హైదరాబాద్-షోలాపూర్ గీత వెంబడి. నగరానికి పడమరనున్న మొయినాబాద్, చేవెళ్ల మండలాలు ఆ దారి పక్కనే ఉన్నాయి. ఒక వింత ఏమిటంటే, భూమికి ఆవలి జీవం కోసం నిజంగా వెతికింది కూడా ఈ బెలూన్లే. ఖగోళశాస్త్రవేత్త జయంత్ నార్లీకర్ బృందం 2001లో 41 కిలోమీటర్ల ఎత్తు గాలిని పట్టితెచ్చింది. 2005 ప్రయోగంలో మూడు కొత్త బ్యాక్టీరియా జాతులు దొరికాయని ఇస్రో 2009లో ప్రకటించింది. అవి పైలోకం నుంచే వచ్చాయని మాత్రం అనలేదు.

“బెలూనైతే గాలికి కొట్టుకుపోవాలి కదా, అంతసేపు నిలిచి ఎలా మెరుస్తుంది?” అన్నది మంచి ప్రశ్న. 80 మీటర్ల గోళం 40 కిలోమీటర్ల ఎత్తున ఉంటే, నడినెత్తిన చూసినా చందమామ వెడల్పులో నాలుగోవంతుకు మించదు. అంత దూరాన కదలిక కంటికి ఆనదు. ఆ ఎత్తు నుంచి దిగంతం కిందికి వాలుతుంది కనుక మన పొద్దు గుంకాక కూడా పాతిక నిమిషాల వరకు దానిమీద ఎండ పడుతుంది. చేవెళ్లలో ఒకరు, జహీరాబాద్‌లో ఒకరు ఒకే సమయాన అది కనిపించే దిక్కు, కోణం రాసిపెట్టుకుంటే ఎత్తు లెక్కకట్టేయొచ్చు. ఎవరి ఊరి మీద వాళ్లకే కనబడిందన్న కథలు సగం అక్కడే తేలిపోతాయి.

ఆకాశంలో కనబడిన వింతలన్నిటికీ జవాబు దొరకలేదుగా అంటారు. గుర్తుతెలియని ఎగిరే వస్తువులపై అమెరికా వైమానిక దళం నడిపి 1969తో ముగించిన ప్రాజెక్ట్ బ్లూబుక్‌లో 12,618 కేసులకు 701 తేలలేదు, నిజమే. కానీ తేలకపోవడం ఆధారం చాలకపోవడానికి గుర్తు కావచ్చు, అన్యలోకానికి సాక్ష్యం కాదు. ఇంకో అభ్యంతరానికి మాత్రం నేను తలవంచుతాను: మామూలుదని తేలినంత మాత్రాన ప్రమాదం లేదనలేం. 2022 ఏప్రిల్ 2న మహారాష్ట్రలోని చంద్రాపూర్ జిల్లాలో ఒక ఊరి మీద పడిన లోహపు చట్రం చైనా రాకెట్ శకలమని నిపుణులు భావించారు. టీఐఎఫ్ఆర్ కూడా దిగిన పరికరాలను ముట్టుకోవద్దనీ, వాటి మీదున్న చిరునామాకో దగ్గరి పోలీస్ స్టేషన్‌కో కబురు పెట్టమనీ కోరుతుంది. చెప్పినవారికి తగిన పారితోషికం కూడా ఇస్తుంది.