తారల పేరు, టిక్కెట్ల లెక్క

ప్రత్యేక సంచికకు మన కాలపు చరిత్ర గురించి ఏదైనా రాయమని సంపాదకవర్గం వారు కోరారు. రాజుల చరిత్ర, ఉద్యమాల చరిత్ర రాయగల పెద్దలు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నాకు తెలిసినది సినిమా హాళ్ల లెక్కల చరిత్ర. 1974లో వాణిజ్య పన్నుల శాఖలో గుమాస్తాగా చేరి, 2010లో పదవీ విరమణ చేసేవరకు గుంటూరు, కృష్ణా జిల్లాల్లో పనిచేశాను. అందులో చాలా ఏళ్లు నా బల్ల మీద ఉన్నవి వినోదపు పన్ను ఫైళ్లే. ఒక హీరో పేరు ఎంత గొప్పదో గోడల మీద, అతని సినిమాకు ఎన్ని టిక్కెట్లు తెగాయో రిజిస్టరులో చూసే అవకాశం నాకు కలిగింది. ఈ రెండూ ఒకటేనని మనలో చాలామంది అనుకుంటారు. కావని చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా ఆ లెక్క ఎలా జరిగేదో చెబుతాను. నేల, బెంచీ, కుర్చీ, బాల్కనీ అని తరగతులు. ప్రతి తరగతికి వేరే టిక్కెట్టు పుస్తకం. వాటిపై మా ఆఫీసు ముద్ర పడాలి. ఏ ఆటకు ఏ నంబరు నుంచి ఏ నంబరు దాకా తెగాయో హాలు వారు రోజువారీ వసూళ్ల పట్టీలో చూపాలి. మా ఇన్‌స్పెక్టర్లు ఆట మధ్యలో వెళ్లి తలలు లెక్కపెట్టి పట్టీతో సరిచూసేవారు. తర్వాతి కాలంలో హాలు సామర్థ్యాన్ని బట్టి పన్ను కట్టే శ్లాబు పద్ధతి వచ్చింది. 2017లో జి.ఎస్.టి. రావడంతో ఆ పన్నే పోయింది.

ఇక డబ్బు సంగతి. నైజాం, సీడెడ్, కృష్ణా, గుంటూరు అని సినిమాను ప్రాంతాలవారీగా అమ్ముతారు. కొనుక్కునే పంపిణీదారుడు సినిమా చూసి కొనడు, చాలాసార్లు హీరో పేరు చూసి కొంటాడు. అంటే పేరు ముందే అమ్ముడైపోతుంది, వసూలు తర్వాత వస్తుంది. ఉదాహరణకు పెద్ద హీరో సినిమాను ఒక ప్రాంతానికి పది లక్షలకు కొన్నారనుకుందాం. తిరిగి ఎనిమిది లక్షలు వస్తే అది ఫ్లాపు. చిన్న సినిమాను రెండు లక్షలకు కొంటే నాలుగు లక్షలు వచ్చాయి, అది హిట్టు. ఫ్లాపైన సినిమానే ఎక్కువమంది చూశారు! కనుక ఫలానావారి సినిమా పోయిందన్న మాటకు జనం ఆయన్ని మరిచారని అర్థం కాదు. ఆ పేరుకు కట్టిన ధర తిరిగి రాలేదని మాత్రమే అర్థం. వంద రోజుల పోస్టరు చూసి కూడా మోసపోరాదు. హాలు అద్దె ఎదురు కట్టి ఆడించిన వంద రోజులూ ఉన్నాయి, రోజుకు ఒక్క ఉదయం ఆటతో పూర్తి చేసినవీ ఉన్నాయి.

ఇప్పుడు కొన్ని ఉదాహరణలు చూద్దాం. 1977 సంక్రాంతికి జనవరి 14న రెండు భారత కథలు ఒకే రోజు విడుదలయ్యాయి. ఒకటి "కురుక్షేత్రం". అందులో కృష్ణ, శోభన్‌బాబు, కృష్ణంరాజు గార్లు ముగ్గురూ ఉన్నారు. కమలాకర కామేశ్వరరావు గారి వంటి పౌరాణికాల దిట్ట దర్శకుడు. రెండవది "దానవీరశూరకర్ణ". రామారావు గారే నిర్మాత, దర్శకుడు, మూడు పాత్రల నటుడు. దాదాపు నాలుగు గంటల సినిమా. పేర్లను కూడితే మొదటిదే బరువు. కానీ కొండవీటి వెంకటకవి గారి సంభాషణలు జనం నోట పడ్డాయి, రెండవది ఘనవిజయం పొందింది. మొదటిది ఆశించినంతగా ఆడలేదు. ముగ్గురు హీరోల పేర్లను కూడినంత మాత్రాన టిక్కెట్లు మూడింతలు కావు.

కృష్ణ గారి సంగతే మరొకటి. ఆయన పుట్టిన బుర్రిపాలెం మా గుంటూరు జిల్లాదే. 1974లో వచ్చిన ఆయన నూరవ చిత్రం "అల్లూరి సీతారామరాజు" ఆయన పేరును శిఖరానికి చేర్చింది. ఆ తర్వాత జరిగింది విచిత్రం. వరుసగా సినిమాలు దెబ్బతిన్నాయి. అల్లూరిగా చూసిన కళ్లతో మామూలు పాత్రల్లో ఆయన్ని చూడడానికి జనానికి మనసొప్పలేదని చెప్పుకున్నారు. 1976లో "పాడిపంటలు" వచ్చాక గానీ ఆయన నిలదొక్కుకోలేదు. అంటే పేరు బాగా పెరగడమే ఒక్కొక్కసారి వసూళ్లకు అడ్డం పడుతుందన్నమాట.

దీనికి తిరగేసిన కథ "శంకరాభరణం". 1980 ఫిబ్రవరిలో విడుదలైంది. కథానాయకుడు జె.వి. సోమయాజులు గారు మన బోటి ప్రభుత్వోద్యోగి. రెవిన్యూ శాఖలో డిప్యూటీ కలెక్టరు. "కన్యాశుల్కం" నాటకంలో రామప్ప పంతులుగా రంగస్థలం మీద పేరున్నదే గాని, పోస్టరు మీద ఆయన బొమ్మ చూసి టిక్కెట్టు కొనేవారెవరూ లేరు. మొదటి రోజుల్లో హాళ్లు ఖాళీ. చూసి వచ్చినవారి మాటే ప్రచారమైంది. తర్వాత తమిళనాడు, కేరళల్లోనూ ఆడింది. సంగీతానికి మహదేవన్ గారికి, పాటలకు బాలసుబ్రహ్మణ్యం, వాణీజయరాం గార్లకు జాతీయ బహుమతులు వచ్చాయి. సోమయాజులు గారిని చూస్తే జనం కాళ్లకు దండం పెట్టేంత పేరు వచ్చింది. మరుసటి ఏడు, 1981లో, ఆయనే ముఖ్యపాత్రగా బాపు గారు "త్యాగయ్య" తీశారు. మళ్లీ సంగీతమే, మళ్లీ ఆయనే, పైగా ఇప్పుడు పేరు కూడా ఉంది. అయినా ఆ వసూళ్లు రాలేదు. పేరు లేనప్పుడు వచ్చిన డబ్బు పేరు వచ్చాక రాలేదు.

రామారావు గారి చివరి దశ చూడండి. 1991లో "బ్రహ్మర్షి విశ్వామిత్ర", 1992లో "సామ్రాట్ అశోక్" నిలబడలేదు. 1993లో "మేజర్ చంద్రకాంత్" బాగా ఆడింది గాని, అదే ఏడు వచ్చిన "శ్రీనాథ కవిసార్వభౌముడు" ఆడలేదు. హాళ్ల లెక్క మాత్రమే చూసినవాడు ఆయన పని అయిపోయిందనుకోవాలి. 1994 డిసెంబరులో అదే జనం బారులు తీరి, 294 స్థానాల శాసనసభలో ఆయన పార్టీకి 216 స్థానాలు ఇచ్చారు. ఆ గెలుపుకు కిలో రెండు రూపాయల బియ్యం వంటి ఇతర కారణాలు ఉన్నాయి, కాదనను. కానీ ఆయన సినిమాకు టిక్కెట్టు కొననివారు ఆయన్ని మరచినవారు కారని మాత్రం రుజువైంది.

ఇంతవరకు చెప్పినవి నిలదొక్కుకోగలిగినవారి కథలు. ఈ తేడా వల్ల నిలువునా దెబ్బతిన్నవారూ ఉన్నారు. పోతనగా, వేమనగా, త్యాగయ్యగా ఊరూరా పూజలందుకున్న నాగయ్య గారు 1946లో తామే నిర్మించి దర్శకత్వం వహించిన "త్యాగయ్య" గొప్పగా నడిచింది. ఆ ధైర్యంతోనే ఏళ్ల తరబడి శ్రమపడి 1964లో "రామదాసు" తెచ్చారు. అది ఆర్థికంగా కలిసిరాలేదు. మరుసటి ఏడు పద్మశ్రీ వచ్చింది. జీవనానికి మాత్రం చిన్న చిన్న వేషాలు వేస్తూ 1973లో కన్నుమూశారు.

సావిత్రి గారు కూడా మా జిల్లా చిర్రావూరు బిడ్డే. 1964లో ఆదుర్తి సుబ్బారావు గారి "మూగమనసులు"లో అక్కినేని వారితో ఆమె నటన మనందరికీ గుర్తే. అదే కథను 1967లో ఆదుర్తి గారే హిందీలో "మిలన్"గా తీస్తే అక్కడా విజయమే. ఇక తమిళంలో భయమేమిటని ఎవరైనా అనుకుంటారు. 1971లో "ప్రాప్తం" పేరుతో ఆమె సొంతంగా నిర్మించి, దర్శకత్వం వహించి, శివాజీ గణేశన్ గారి సరసన నటించారు. కథ పరీక్షకు నిలిచినదే. పేర్లు తమిళనాట అంతకు మించినవి లేవు. సినిమా పోయింది, దాంతోపాటు ఆస్తీ పోయింది. పంపిణీదారుడికైతే ఒక సినిమాలో నష్టం వస్తే మరో సినిమాలో పూడుతుంది. తన పేరునే హామీగా పెట్టి సొంత డబ్బు పెట్టిన నటికి అలా పూడ్చేవారెవరు? 1981 డిసెంబరులో ఆమె పోయారు.

ముప్ఫై ఆరేళ్ల తర్వాత, 2018 మేలో, ఆమె జీవితకథగా "మహానటి" వచ్చింది. ఆమె సినిమాలు ఆడే రోజుల్లో పుట్టని పిల్లలు కూడా వచ్చి కన్నీళ్లు పెట్టుకున్నారు. సినిమా బాగా ఆడింది, సావిత్రి పాత్ర వేసిన కీర్తి సురేష్‌కు జాతీయ ఉత్తమనటి బహుమతి వచ్చింది. సావిత్రి పేరు మీద హాళ్లు నిండాయి, ఆమె బతికుండగా నిండవలసినప్పుడు మాత్రం నిండలేదు.

ఇవాళ మనవలు సెల్‌ఫోన్‌లో మొదటి మూడు రోజుల వసూళ్లు చూసి, ఎవరు గొప్ప హీరో అని వాదించుకుంటున్నారు. ఇప్పుడు సినిమాలు ఒకేసారి వందల హాళ్లలో విడుదలవుతాయి కనుక ఆ మూడు రోజులూ ఎక్కువగా పేరు సంపాదించేవే. నాలుగో రోజు నుంచి సినిమా తన కాళ్ల మీద నడవాలి. మొదటి ఆటకు జనాన్ని రప్పించేది హీరో పేరు, రెండో వారానికి రప్పించేది చూసి వచ్చినవాడి మాట. ముప్ఫై ఆరేళ్ల సర్వీసులో నా రిజిస్టర్లలో నేను చూసింది ఇదే.

ఒక విన్నపం. మన ఊళ్ల పాత హాళ్లు చాలావరకు కల్యాణమండపాలుగా, దుకాణాలుగా మారిపోయాయి. సభ్యుల ఇళ్లలో పాత టిక్కెట్టు ముక్కలు, సినిమా కరపత్రాలు, పాటల పుస్తకాలు ఏవైనా ఉంటే పారేయకుండా సంఘ కార్యాలయానికి ఇవ్వండి. ఒక బీరువాలో భద్రపరుద్దాం. తారల బొమ్మలు దాచేవారు దేశమంతా ఉన్నారు. నేల టిక్కెట్టు కొన్నవాడి గుర్తును మనమైనా దాచాలి కదా!