తోడు ఎవరు? స్త్రీ శాస్త్రజ్ఞుల జీవనకథనాలు: పెనుబల్లి నుంచి ఒక పరిశీలన

శాస్త్రరంగంలో నిలదొక్కుకున్న స్త్రీ తన జీవితం చెప్పుకుంటుంటే మనం ముందుగా ఆమె పట్టుదలనే వింటాం. బిడ్డను ఎవరు చూసుకున్నారు, హాస్టల్లో తోడెవరు అన్నవి మధ్యలో ఒకటి రెండు వాక్యాలుగా వచ్చి పోతాయి. అసలు చరిత్ర ఆ వాక్యాల్లోనే ఉందని నా వాదన.

2008లో ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ ‘లీలావతీస్ డాటర్స్’ అనే సంపుటిని రోహిణీ గోడ్బోలే, రామ్ రామస్వామి సంపాదకత్వంలో వెలువరించింది. అందులో దాదాపు వందమంది భారతీయ స్త్రీ శాస్త్రజ్ఞుల జీవనకథనాలున్నాయి, చాలామంది తమ కథ తామే రాసుకున్నారు. భాస్కరాచార్యుడి గణిత గ్రంథం ‘లీలావతి’లో లెక్క అడిగేది ఆచార్యుడు. లీలావతి సంబోధనగా ఉంటుంది, ఆమె మాట మనకు వినబడదు. ఆ పేరుతో వచ్చిన పుస్తకంలో స్త్రీలే నోరు విప్పడం నాకు చాలా విలువైన సంగతి.

ఇంజనీర్ అయ్యలసోమయాజుల లలిత జీవితం ఈ దృష్టితో చదవదగ్గది. 1919లో మద్రాసు తెలుగు కుటుంబంలో పుట్టింది. పదిహేనో ఏట పెళ్లి, పద్దెనిమిదో ఏట వైధవ్యం. అప్పటికి ఒడిలో నాలుగు నెలల పాప. తండ్రి పప్పు సుబ్బారావు గిండీ ఇంజనీరింగ్ కళాశాలలో ఎలక్ట్రికల్ విభాగం ఆచార్యుడు. కూతుర్ని అక్కడే చేర్పించాడు. అంతటితో ఆగలేదు. వందలమంది మగపిల్లల మధ్య ఆమె ఒంటరిగా ఉండకూడదని, ఆడపిల్లలకు ప్రవేశం ఉందంటూ ప్రకటన ఇచ్చాడు. లీలమ్మ జార్జ్, పి.కె. త్రెసియా సివిల్ విభాగంలో చేరారు. దేశంలో ఇంజనీరింగ్ పట్టా పుచ్చుకున్న తొలి స్త్రీలలో ఈ ముగ్గురూ ఉన్నారు. పట్టాలో ‘అతడు’ అని అచ్చయి ఉన్న చోట కొట్టివేసి ‘ఆమె’ అని దిద్దాల్సి వచ్చింది.

తర్వాత సిమ్లాలో ఉద్యోగం, కొన్నాళ్లు తండ్రి పరిశోధనల్లో సహాయం, ఆపైన కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్. భాక్రా నంగల్ ఆనకట్ట విద్యుత్ పనుల్లో ఆమె చేయి ఉంది. కలకత్తాలో సోదరుడి కుటుంబం ఉండటం వల్లే పాప పెంపకం, ఉద్యోగం రెండూ సాగాయి. 1964లో న్యూయార్క్‌లో స్త్రీ ఇంజనీర్ల, శాస్త్రజ్ఞుల తొలి అంతర్జాతీయ సదస్సుకు వెళ్లింది. మనకు తెలిసిన వివరాల్లో చాలా భాగం కూతురి జ్ఞాపకాల ద్వారా అందినవే. అమ్మ పనికి వెళ్లినప్పుడు తను ఎవరి దగ్గర ఉన్నదీ కూతురికే బాగా గుర్తుంటుంది.

ఇప్పుడు పెనుబల్లి. ఖమ్మం నుంచి సత్తుపల్లి వెళ్లే దారిలో ఉన్న మండలం. ఒక పక్క లంకాసాగర్ ఆయకట్టు, మరో పక్క కొత్తగూడెం వైపు సాగే అడవి. ఇక్కడి ఆడపిల్ల బైపీసీలోనో ఎంపీసీలోనో చేరి సైన్సు వైపు సాగాలంటే ఊరు దాటాలి. అశ్వారావుపేట వ్యవసాయ కళాశాలైనా, కొత్తగూడెం మైనింగ్ చదువైనా, వరంగల్, హైదరాబాద్ అయినా సరే, “తోడెవరు?” అన్న ప్రశ్న ఇంట్లో ముందే వస్తుంది. దాన్ని వెనకబాటు అని కొట్టిపారేసే పరిశోధకులతో నేను ఏకీభవించను. గిండీ ఆచార్యుడు వేసుకున్న ప్రశ్న కూడా అదే.

పొరుగునే సత్తుపల్లిలో సింగరేణి ఓపెన్‌కాస్టు గనులున్నాయి. ఆ పైన కొత్తగూడెం, ఇల్లెందుల బొగ్గు చరిత్ర. 1952 గనుల చట్టం 46వ సెక్షన్ స్త్రీలను భూగర్భ గనుల్లో పనిలో పెట్టడాన్ని నిషేధించింది. మైనింగ్ చదివిన అమ్మాయికి పట్టా ఉన్నా గనిలోకి దిగే దారి లేకపోయింది. 2019లో కేంద్రం ఆ నిబంధన సడలించింది. సాంకేతిక, పర్యవేక్షక, నిర్వహణ ఉద్యోగాల్లో ఉన్న స్త్రీలు రాతపూర్వక సమ్మతితో, పగటి వేళల్లో భూగర్భంలోకి వెళ్లేందుకు అనుమతించింది. ఒక షిఫ్టులో ముగ్గురికి తగ్గకుండా ఉండాలన్నది ఆ సడలింపులోని షరతు.

ముగ్గురు. 1940ల గిండీలో ఒక తండ్రి ప్రకటన ఇచ్చి సమకూర్చుకున్న సంఖ్య 2019లో గని నిబంధనల్లో అచ్చయింది. ఈ ప్రాంతపు స్త్రీ శాస్త్రజ్ఞుల కథలు సేకరించేవారు మార్కులు, ర్యాంకులు అడిగే ముందు మిగతా ఇద్దరి పేర్లు అడగాలి.