కైనెక్ట్ 'లింకు' - ఎక్స్‌బాక్స్ వన్ అమ్మకాలు: ఒక చారిత్రక పరిశీలన

శ్రీరాంపూర్, మంచిర్యాల పరిసరాల రైతులకు 'లింకు' అనే మాటను వివరించనక్కరలేదు. యూరియా కొరత ఉన్న అదనులో బస్తా కావాలంటే దానితోపాటు మరో మందు సీసా కూడా కొనాలని డీలరు పెట్టే షరతు అది. ఆ సీసా పనికిరానిదని ఎవరూ అనరు. కొనేవాడు దాన్ని అడగలేదన్నదే అభ్యంతరం. వీడియోగేముల పరిశ్రమలో ఇటువంటి లింకునే మైక్రోసాఫ్ట్ సంస్థ 2013లో పెట్టి, 2014లో తీసివేసింది. ఆ తీసివేత అమ్మకాలపై చూపిన ప్రభావాన్ని నిర్ధారించడం ఈ వ్యాసం ఉద్దేశం. అప్పటికి సంస్థ అధిపతి హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ల కావడం వల్ల ఈ ఘట్టం తెలుగువారి ప్రవాస చరిత్రలోనూ భాగమే.

కదలికలను గుర్తించే పరికరాన్ని కన్సోల్‌తో కలిపి అమ్మడం అంతకుముందే ఒకసారి ఘనవిజయం సాధించింది. నింటెండో సంస్థ 2006 నవంబరు 19న అమెరికాలో విడుదల చేసిన 'వీ' కన్సోల్ ధర 249.99 డాలర్లు. కదలికలతో ఆడే చేతి రిమోట్, 'వీ స్పోర్ట్స్' ఆట రెండూ ఆ ధరలోనే వచ్చాయి. జపాన్‌లో మాత్రం ఆ ఆటను విడిగా అమ్మారు. మొత్తం మీద 10 కోట్లకు పైగా 'వీ' కన్సోళ్లు అమ్ముడయ్యాయి. ఇక్కడ గమనించవలసిన అంశం ఒకటుంది. 'వీ'లో రిమోట్ అదనపు వస్తువు కాదు, అది లేకుండా ఆటే లేదు. పైగా కలిపి అమ్మినా 'వీ' పోటీ కన్సోళ్లకంటే చౌక.

మైక్రోసాఫ్ట్ కైనెక్ట్ ఇందుకు భిన్నంగా పుట్టింది. 2010 నవంబరు 4న అప్పటికే అయిదేళ్లుగా అమ్ముడవుతున్న ఎక్స్‌బాక్స్ 360కి అనుబంధంగా అది వచ్చింది. కావలసినవారు విడిగా 149.99 డాలర్లు పెట్టి కొనుక్కున్నారు. అలా ఇష్టప్రకారం కొన్నప్పుడే మొదటి 60 రోజుల్లో 80 లక్షలు, 2013 ఫిబ్రవరి నాటికి 2 కోట్ల 40 లక్షలు అమ్ముడయ్యాయి. మంచి వస్తువుకు లింకు అక్కరలేదని ఈ అంకెలు చెబుతున్నాయి. సంస్థ దీన్ని మరోవిధంగా అర్థం చేసుకుంది. ప్రతి ఇంటా సెన్సర్ ఉంటే ఆటల రూపకర్తలు ధైర్యంగా దానికోసం ఆటలు తయారుచేస్తారని భావించి, 2013 నవంబరు 22న విడుదలైన ఎక్స్‌బాక్స్ వన్‌లో కైనెక్ట్‌ను తప్పనిసరి చేసింది. ధర 499 డాలర్లు. వారం ముందు వచ్చిన సోనీ ప్లేస్టేషన్ 4 ధర 399. సోనీ తన కెమెరాను విడిగా అమ్మింది. పరికరాలను విప్పి లెక్కగట్టిన ఐహెచ్‌ఎస్ సంస్థ అంచనా ప్రకారం ఎక్స్‌బాక్స్ వన్ తయారీ ఖర్చు 471 డాలర్లు, అందులో కైనెక్ట్ వాటా 75.

ధర ఒక్కటే కారణం కాదు. ఎల్లప్పుడూ వినే మైకు, చూసే కెమెరా గల యంత్రాన్ని నట్టింట పెట్టుకోవడంపై శంకలు రేగాయి. స్నోడెన్ వెల్లడించిన నిఘా పత్రాలు పత్రికలకెక్కింది 2013 జూన్‌లోనే. కైనెక్ట్ తగిలించకున్నా కన్సోల్ పనిచేస్తుందని ఆ ఆగస్టులో సంస్థ ప్రకటించింది. నిజానికి లింకు సడలడం అక్కడే మొదలైంది. 2014 ఏప్రిల్‌లో ప్లేస్టేషన్ 4 అమ్మకాలు 70 లక్షలని సోనీ, దుకాణాలకు చేరిన ఎక్స్‌బాక్స్ వన్‌లు 50 లక్షలని మైక్రోసాఫ్ట్ ప్రకటించాయి. మొదటిది కొనుగోలుదారుల లెక్క, రెండవది దుకాణాల లెక్క కాబట్టి అసలు అంతరం ఇంకా పెద్దదే కావచ్చు.

నాదెళ్ల 2014 ఫిబ్రవరి 4న బాధ్యత చేపట్టారు. మార్చి 31న ఫిల్ స్పెన్సర్ ఎక్స్‌బాక్స్ విభాగాధిపతి అయ్యారు. కైనెక్ట్ లేని కన్సోల్‌ను 399 డాలర్లకే ఇస్తామని మే 13న ప్రకటన వెలువడింది. జూన్ 9న అమ్మకం మొదలైంది. కాలక్రమాన్ని బట్టి ఈ నిర్ణయాన్ని 'మనవాడి' ఖాతాలో జమ కట్టాలనిపించడం సహజం. కానీ 2013 ఆగస్టు ప్రకటన నాదెళ్ల రాకకు ముందటిది, మే ప్రకటన చేసింది స్పెన్సర్. అధిపతిగా ఆయన ఆమోదం ఉండి ఉంటుందనడం వరకే న్యాయం.

మేతో పోలిస్తే జూన్‌లో అమెరికాలో అమ్మకాలు రెట్టింపుకు మించాయని సంస్థ చెప్పుకుంది. దీన్ని లింకు తీసివేత ఫలితంగా పేర్కొనడం పరిపాటి. అయితే సెన్సర్ తొలగడం, వంద డాలర్లు తగ్గడం ఒకే రోజున జరిగాయి. రెంటి ప్రభావాన్నీ వేరుచేసి చూపే ఆధారం ఆ నెల అంకెల్లో లేదు. తర్వాతి నెలలు కొంత దారి చూపుతాయి. నవంబరు 2 నుంచి ధర 349 డాలర్లకు దిగింది, 'అస్సాసిన్స్ క్రీడ్' ఆటలను కలిపి ఇచ్చారు. ఆ నవంబరు, డిసెంబరుల్లో అమెరికాలో ఎక్స్‌బాక్స్ వన్ ప్లేస్టేషన్ 4ను మించింది. అంటే కలిపి అమ్మడమనే పద్ధతి అప్పుడూ పోలేదు. ధర పెంచే వస్తువుకు బదులు ధర తగ్గించి కోరుకున్న వస్తువును జతచేశారు.

భారతదేశంలో ఈ తేడా మరింత స్పష్టం. ప్లేస్టేషన్ 4 ఇక్కడ 2014 జనవరిలో 39,990 రూపాయలకు వచ్చింది. ఎక్స్‌బాక్స్ వన్ సెప్టెంబరు 23న, అంటే లింకు తెగిన తర్వాత, అదే 39,990కి వచ్చింది. కైనెక్ట్‌తో అయితే 45,990. స్థలం సంగతి సరేసరి. మొదటి కైనెక్ట్‌కు ఒకరు ఆడాలన్నా సెన్సర్ నుంచి ఆరడుగులు, ఇద్దరికైతే ఎనిమిదడుగుల దూరం కావాలి. సింగరేణి క్వార్టర్ ముందుగదిలో మంచం, బీరువా పోను అంత ఖాళీ మిగలడం కష్టమే.

విడదీసినందుకు మూల్యం చెల్లించినవారు ఆటల రూపకర్తలు. కైనెక్ట్ కోసం కేటాయించిన గ్రాఫిక్స్ సామర్థ్యంలో దాదాపు 10 శాతాన్ని ఆ జూన్‌లోనే ఇతర ఆటలకు తెరిచారు. ప్రతి ఇంటా సెన్సర్ ఉంటుందన్న హామీ పోయాక దానికోసం ప్రత్యేకంగా ఆటలు తయారుచేసేవారు కరువయ్యారు. 2016లో వచ్చిన ఎక్స్‌బాక్స్ వన్ ఎస్‌కు కైనెక్ట్ తగిలించాలంటే వేరే అడాప్టర్ కావలసివచ్చింది. 2017 అక్టోబరులో కైనెక్ట్ తయారీ నిలిచిపోయింది.