చేయి విలువ

కృష్ణా డెల్టాలో కోతలు ముగిసి కుప్పలు వేసిన పిదప, కళ్లములో పశువుల బంతిని త్రిప్పి ధాన్యము రాల్చుట తరతరముల ఆచారము. ఆ పనిలో ఎద్దు కాలు త్రొక్కవచ్చును, కొమ్ము తగులవచ్చును. మనిషి చేయి మోచేతివరకు తెగిపోవుట లేదు. ఆ ఆపద యంత్రముతో వచ్చినది.

1855 నాటికి విజయవాడ కడ కెప్టెన్ ఆర్ పర్యవేక్షణమున ఆనకట్ట పూర్తియై, డెల్టా వరిపొలముల సీమ అయ్యెను. కాలక్రమమున వరి వెంట బియ్యపు మరలు, మరల వెంట ఇనుప చక్రములు, తిరుగు పట్టాలు వచ్చెను. 1881లో తొలి ఫ్యాక్టరీల చట్టము వెలువడి, యంత్రములకు కంచె వేయవలెనని విధించెను. కాని నూరుగురికి తక్కువ పనివారున్న తావులకు అది వర్తింపలేదు. గాయపడినవానికి పరిహారమును అది చెప్పలేదు.

ఆ కొరతను 1923 నాటి శ్రామిక నష్టపరిహార చట్టము కొంత తీర్చెను. 1924 జూలై 1 నుండి అది అమలులోనికి వచ్చెను. అంతకుముందు యజమాని తప్పును న్యాయస్థానమున నిరూపించు భారము గాయపడిన కూలివానిదే. ఈ చట్టము క్రింద, పని చేయుచుండగా ఆ పని వలననే ప్రమాదము కలిగినదని చూపిన చాలును. దాని అనుబంధములో కుడిచేయి మోచేతికడ గాని, పైన గాని పోయిన నూటికి 70 వంతులు, ఎడమచేయి అయిన 60 వంతులు సంపాదనశక్తి నష్టముగా లెక్కింపబడెను. ఈ లెక్క కఠినముగా తోచవచ్చును. కాని అంతకు పూర్వము ఆ చేతికి లెక్కయే లేదు. కుడియెడమల భేదము తరువాతి పట్టికలో తొలగినది.

అయినను కళ్లమునకు గోడలు లేవు. ఫ్యాక్టరీ చట్టము అచటికి రాదు. హరిత విప్లవముతో నూర్పిడి యంత్రములు దేశమున వ్యాపించినప్పుడు, పనలను అందించు చేయి పనలతోపాటు డ్రమ్ములోనికి లాగబడుట మొదలయ్యెను. పన పెట్టు తొట్టి పొట్టిదగుట, రాత్రి పని, అలసట, వదులు వస్త్రము దీనికి కారణములు. అందుచేత 1983లో పార్లమెంటు ప్రమాదకర యంత్రముల నియంత్రణ చట్టము చేసి, తయారుచేయువానిపై భద్రతాభారమును, పని చేయించువానిపై పరిహారభారమును మోపెను. 2000లో పరిహార చట్టమును సవరించి, తాత్కాలికపు కూలి యను మినహాయింపును తొలగించిరి. ఆ పరిహార నియమములు 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలో చేర్చబడినవి.

నేడు డెల్టా పొలములలో కోతయంత్రములు తిరుగుచున్నవి. చిక్కుకొన్న గడ్డిని లాగుటకు చేయి పెట్టుటకు ముందు ఇంజను ఆపుట ఒక్క క్షణపు పని. ఆ క్షణమును కూలివానికి ఇచ్చుట యజమాని ధర్మము.